‘స్వామీ’ ధర, ‘అన్నా’ ధర: తిరుపతికి చదువుకోవడానికి వచ్చేవారికి ఖర్చుల మార్గదర్శి

తిరుపతి బస్టాండులో దిగి బ్యాగు భుజాన వేసుకుని బయటికి రాగానే "రండి స్వామీ, ఎక్కడికి?" అంటూ ఆటోలు చుట్టుముడతాయి. ఆ ‘స్వామీ’లోనే ధర ఉంది. ఆరు నెలలు పోయాక అదే డ్రైవరు "ఏమన్నా, ఎం.ఆర్.పల్లెకేనా?" అని అడుగుతాడు. దూరం అదే, డబ్బు మాత్రం తగ్గుతుంది.

చూసిపోయేవారికి తిరుపతి ఒక ఊరు, ఉండేవారికి రెండు. బస్టాండు, రైల్వే స్టేషను, అలిపిరి, వీటిని కలిపే రోడ్లు, వాటి మీది లాడ్జీలు, హోటళ్లు యాత్రికుల ఊరు. ఒకటి రెండు రోజులు ఉండి వెళ్లిపోయేవారు బేరమాడరు, మళ్లీ రారు కనుక అక్కడి ధరలు అలాగే ఉంటాయి. దానికి అర కిలోమీటరు అవతల గొంతెత్తి పిలిచే కూరగాయల బండ్లు, కర్రీ పాయింట్లు, అరువు పుస్తకం పెట్టే కిరాణా కొట్లు ఉన్న రెండో ఊరు మొదలవుతుంది. చదువుకోవడానికి వచ్చినవారు మొదటి ఊరిలో ఎన్ని రోజులు తక్కువగా గడిపితే అంత మిగులుతుంది.

నేనూ డిగ్రీకి వచ్చి ఇక్కడే ఉద్యోగంలో కుదురుకున్నవాణ్ని. ఈ ఏడు మా అక్క కొడుక్కి ఇక్కడ సీటు వచ్చింది. వాడికి గది వెతకడానికి అక్క, నేను, వాడు మూడు రోజులు వీధి వీధి తిరిగాం. ఆ తిరుగుడులో పనికొచ్చినవే వరుసగా చెబుతాను.

1. ముందు గేటు, తర్వాత గది

"తిరుపతిలో సీటొచ్చింది" అంటే నాలుగు దిక్కుల్లో ఎటైనా కావచ్చు. 1954లో మొదలైన శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983లో వచ్చిన పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, వ్యవసాయ కళాశాల, పశువైద్య కళాశాల ఊరికి పడమటి వైపు ఇరుగుపొరుగులా ఉంటాయి. వైద్య కళాశాల, రుయా, స్విమ్స్ ఆస్పత్రులు అలిపిరి దారిలో ఉన్నాయి. చంద్రగిరి మండలంలోని రంగంపేట కాలేజీలో సీటు వచ్చినవారు రోజూ ఊరు దాటి వెళ్లాలి. 2015లో మొదలైన ఐఐటీ, సైన్సు విద్యాసంస్థ ఐసర్‌ల ప్రాంగణాలైతే రేణిగుంట దాటి ఏర్పేడు దగ్గర ఉన్నాయి. వాటిలో చేరేవారికి హాస్టలు లోపలే ఉంటుంది కనుక ఈ వ్యాసంలో గది గురించి చెప్పిన సగం వారికి అక్కరలేదు.

మిగతావారికి ఒక కొండగుర్తు: గది నుంచి కాలేజీ గేటుకు పావుగంటలో నడిచి వెళ్లగలిగితే అద్దె నెలకు అయిదారు వందలు ఎక్కువైనా ఒప్పుకోండి. ఆటో ఖర్చు, ఎండలో రానుపోను అలసట, "ఇంత దూరం ఎవరు తిరిగి వెళతారు" అని మధ్యాహ్నం బయట తినే భోజనం ఆ తేడాను వారంలో మింగేస్తాయి.

యూనివర్సిటీల వైపు చదివేవారికి బాలాజీ కాలనీ, ఎం.ఆర్.పల్లె, విద్యానగర్ పరిసరాలు దగ్గర. ఇంకాస్త పక్కకు తుమ్మలగుంట, అవిలాల, పెరుమాళ్లపల్లె వైపు జరిగితే అదే డబ్బుకు గది విశాలంగా వస్తుంది, కాని సైకిలో బండో ఉండాలి. తిరుచానూరు రోడ్డు, పద్మావతీపురం వైపు ఇళ్లు బాగుంటాయి, అయితే పడమటి వైపు కాలేజీలకు రోజూ ఊరంతా దాటాలి. రంగంపేట వెళ్లేవారు కాలేజీ బస్సు ఏ ఏ కూడళ్లలో ఆగుతుందో తెలుసుకుని, ఆ కూడలి చుట్టూ మాత్రమే వెతకాలి.

2. కాలేజీ హాస్టలు దొరికితే వదులుకోవద్దు

చాలామంది "అన్నం బాగుండదట" అని వినికిడి మీద వదిలేసుకుని, రెండో ఏడాది దరఖాస్తు పట్టుకుని తిరుగుతారు. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల హాస్టళ్లలో నెలలో వంటకు అయిన సరుకుల ఖర్చును తిన్న రోజుల లెక్కన పంచే పద్ధతి ఎక్కువ. దానికి లాభం చూసుకునేవాడు ఉండడు కనుక బయట ఏ మెస్సూ ఆ ధరకు పెట్టలేదు. పండగకు ఇంటికి వెళ్లేటప్పుడు మెస్సు పుస్తకంలో సెలవు రాయించడం మరిచిపోతే తినని అన్నానికి కూడా కట్టాల్సి వస్తుంది. మేం చదివే రోజుల్లో సంక్రాంతి తర్వాత వచ్చే బిల్లు చూసి లబోదిబోమనేవారు ప్రతి గదిలోనూ ఒకరుండేవారు.

ప్రైవేటు హాస్టలు అయితే మేం తిరిగిన చోట్ల ముగ్గురు పంచుకునే గదిలో పడక, మూడు పూటల తిండితో కలిపి నెలకు ఆరేడు వేల దగ్గర చెప్పారు. ధర కంటే ముందు రెండు సంగతులు అడగండి. ఒకటి, అంతస్తుకు మరుగుదొడ్లు ఎన్ని, పడకలు ఎన్ని. ఎనిమిది గంటల క్లాసుకు వెళ్లే ఇరవై మందికి రెండు మరుగుదొడ్లుంటే రోజూ గొడవే. రెండు, మధ్యలో మానేస్తే అడ్వాన్సు సంగతి ఏమిటి. నోటిమాటగా చెబితే నమ్మవద్దు, రసీదు వెనక రాయించుకోండి.

అమ్మాయిల హాస్టలు చూడటానికి పగలు వెళ్లి సరిపెట్టుకోవద్దు. రాత్రి ఏడున్నరకు బస్సు దిగే చోటు నుంచి హాస్టలు గుమ్మం దాకా ఒకసారి నడిచి చూడండి. వీధి దీపాలు వెలుగుతున్నాయా, మూసిన షట్టర్ల వరుస ఎంత పొడవుంది, కాపలా మనిషి నిజంగా గేటు దగ్గర ఉన్నాడా అన్నవి ఆ పది నిమిషాల్లో తెలిసిపోతాయి. బ్రోచరులో కనిపించవు.

3. గదిని మిట్ట మధ్యాహ్నం చూడండి

టు-లెట్ బోర్డులన్నీ సాయంత్రం చల్లబడ్డాక చూడటం మనకు అలవాటు. గది గుణం తెలిసేది మధ్యాహ్నం రెండింటికి. మే నెలలో ఇక్కడ ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. చివరి అంతస్తు గది అయితే పగలంతా కాగిన స్లాబు రాత్రి పన్నెండు దాకా వేడి కక్కుతూనే ఉంటుంది. మాకు నచ్చిన మొదటి గది అలాంటిదే. ఉదయం చూస్తే కిటికీలోంచి శేషాచలం కొండ కనిపించి మా అక్క చేతులు జోడించింది. మధ్యాహ్నం మళ్లీ వెళ్లి పడమటి గోడకు అరచేయి ఆనిస్తే దోసెపెనంలా ఉంది. కొండ కనిపించే కిటికీకి అద్దెలో వెయ్యి రూపాయలు ఎక్కువ కూడానూ. వద్దనుకున్నాం.

తర్వాత నీళ్లు. ఊరికి కల్యాణి డ్యామ్ నుంచి, తెలుగుగంగ నుంచి నీళ్లు వస్తాయి, కాని మీ కుళాయిలో వచ్చేవి మునిసిపాలిటీ నీళ్లా, బోరు నీళ్లా అన్నది ఇంటిని బట్టి ఉంటుంది. అడగనక్కరలేదు, స్నానాల గదిలో బకెట్టు అంచు, కుళాయి మూతి చూడండి. తెల్లటి పెళుసు పొర కట్టి ఉంటే ఉప్పు నీళ్లు. సబ్బు నురగ రాదు, జుట్టు పీచవుతుంది, పప్పు ఉడకదు. తాగడానికి ఎటూ ఇరవై లీటర్ల క్యాను కొనక తప్పదు, వంటకూ అదే వాడాల్సి వస్తే నెలకు క్యాన్లు రెట్టింపవుతాయి. సంపు ఎంత పెద్దది, మోటారు ఎవరు ఎప్పుడు వేస్తారు, వేసవిలో ట్యాంకరు తెప్పిస్తే ఖర్చు ఎవరిది అన్న మూడు ప్రశ్నలు మాత్రం నోరు తెరిచి అడగాలి.

వాన సంగతి వేరు. మనకు జడివానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరులో కురిసిన వానలకు ఊళ్లో పల్లపు కాలనీలు నీట మునిగాయి. కింది అంతస్తు గది చూసేటప్పుడు గోడ అడుగున రంగు పొంగి ఉందా, కొత్తగా సగం ఎత్తు వరకే రంగు వేశారా గమనించండి. ఇంటివారు చెప్పరు, పక్కనున్న కిరాణా కొట్టాయన అడిగితే చెబుతాడు. ఒక సబ్బు కొని అడగండి, మర్యాదగా ఉంటుంది.

4. కరెంటు బిల్లు: పది రూపాయల యూనిట్ కథ

దీని దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే విద్యార్థులు తెలియక ఎక్కువ పోగొట్టుకునేది ఇక్కడే.

చివరికి మాకు నచ్చింది ఎం.ఆర్.పల్లె వైపు మేడమీది రెండు గదుల పోర్షను. ముగ్గురు పిల్లలకు కలిపి అద్దె తొమ్మిది వేలు. అంతా కుదిరాక ఇంటావిడ "కరెంటుకు సబ్ మీటరు ఉంది బాబూ, యూనిట్ పది రూపాయలు. ఇక్కడ అందరూ అంతే" అంది. సబ్ మీటరంటే ఇంటి మీటరు కిందే ఒక పోర్షను వాడకం చూసుకోవడానికి పెట్టుకునే చిన్న మీటరు. మా అక్క నొచ్చుకోకుండా "ఒక్కసారి మీ బిల్లు చూపిస్తారా అమ్మా?" అని అడిగింది. ఆవిడ లోపలికి వెళ్లి టీటీడీ క్యాలెండరు వెనక దోపిన కాగితం తీసుకొచ్చింది. మొత్తం ఇంటికి 300 యూనిట్లు, కట్టింది 2,040 రూపాయలు. భాగిస్తే యూనిట్‌కు 6 రూపాయల 80 పైసలు. ఆవిడ కూడా ఎప్పుడూ భాగించి చూసినట్టు లేదు. ఏడు రూపాయలకు కుదిరింది. కాఫీ కూడా ఇచ్చింది.

ఆ లెక్క వెనక ఉన్నది ఇదీ. మన రాష్ట్రంలో ఇళ్ల కరెంటుకు 2022లో వచ్చిన శ్లాబుల, అంటే వాడకం పెరిగే కొద్దీ పెరిగే ధరల మెట్ల ప్రకారం మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90, 31 నుంచి 75 వరకు 3.00, 76 నుంచి 125 వరకు 4.50, 126 నుంచి 225 వరకు 6.00, 226 నుంచి 400 వరకు 8.75 రూపాయలు. మీ పోర్షనుకు విడి మీటరు ఉండి నెలకు 90 యూనిట్లు కాలితే శ్లాబు లెక్కన దాదాపు 260 రూపాయలే. దాని మీద స్థిర చార్జీ, సుంకం, ఇంధన సర్దుబాటు పడతాయి. అవే 90 యూనిట్లకు పది రూపాయల లెక్కన తొమ్మిది వందలు కట్టాలి. ఇంటి మొత్తానికి ఒకే మీటరైతే అందరి వాడకం కలిసి పై శ్లాబులకు ఎక్కుతుంది, అందుకే 300 యూనిట్లకు శ్లాబు ధరే 1,673 అవుతుంది, మిగతా చార్జీలు దానిపైన. కనుక ఇంటివారిని దొంగలన్నట్టు చూడనక్కరలేదు. బిల్లు మొత్తాన్ని యూనిట్లతో భాగించి ఎంత వస్తే అంత కడతామనండి, ఎవరికీ కష్టం ఉండదు. విడి మీటరున్న పోర్షను దొరికితే అద్దె రెండు వందలు ఎక్కువైనా అదే మేలు.

వాడకం ఎక్కడ పోతుందో కూడా చూసుకోవాలి. పాతకాలపు సీలింగు ఫ్యాను 75 వాట్లు, రోజుకు పదహారు గంటలు తిరిగితే నెలకు 36 యూనిట్లు. కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యాను అందులో సగం కూడా తీసుకోదు. రెండు వేల వాట్ల ఇండక్షన్ పొయ్యి గంట పూర్తి మంట మీద ఉంటే రెండు యూనిట్లు. అన్నం కుక్కరు 700 వాట్లు, అరగంటకు యూనిట్‌లో మూడో వంతు. బకెట్టులో వేసే హీటరు రాడ్డు ఒకటిన్నర వేల వాట్లు. అది వేసి మరిచిపోయి నిద్రపోయినవారి కథలు ప్రతి హాస్టల్లోనూ ఉన్నాయి, బిల్లు సంగతి అటుంచి ప్రాణం మీదికి వస్తుంది.

5. అడ్వాన్సు, కాగితం

రెండు మూడు నెలల అద్దె అడ్వాన్సుగా అడగడం మామూలు. చెన్నై దగ్గరి ఊరు కనుక కొందరు అక్కడి అలవాటున అయిదారు నెలలది అడుగుతారు. జూన్, జూలైల్లో పిల్లలంతా ఒక్కసారి దిగుతారు కనుక అప్పుడు బేరం సాగదు. వీలైతే మే నెలలోనే, పాత బ్యాచ్ ఖాళీ చేసి వెళ్లేటప్పుడు వచ్చి మాట్లాడుకోండి.

ఒప్పందం పదకొండు నెలలకు రాయడం ఆనవాయితీ.  అందులో నాలుగు సంగతులు తప్పక ఉండాలి: అడ్వాన్సు మొత్తం, ఖాళీ చేయడానికి ఎన్ని రోజుల ముందు చెప్పాలి, కరెంటు లెక్క, పెయింటింగు ఖర్చు ఎవరిది. దిగిన రోజే గోడలు, తలుపులు, కుళాయిలు, ఫ్యాను ఫోనుతో వీడియో తీసి ఇంటివారికే వాట్సాప్‌లో పంపండి. ముగ్గురు కలిసి తీసుకుంటే అడ్వాన్సులో ఎవరి వాటా ఎంతో కూడా ఒక కాగితం మీద రాసుకోండి. స్నేహం కోసమే రాసుకోవాలి.

6. తిండి: బియ్యం మీది, కూర బయటిది

పూర్తిగా మెస్సు మీద ఆధారపడితే విసుగు, పూర్తిగా వండుకుంటే చదువు సాగదు. ఈ ఊరి విద్యార్థులు ఏళ్లుగా పాటిస్తున్న మధ్యేమార్గం ఒకటుంది: కుక్కర్లో అన్నం మీరు వండుకోండి, కూర కర్రీ పాయింటులో తెచ్చుకోండి. మనిషికి రోజుకు నాలుగు వందల గ్రాముల బియ్యం, అంటే నెలకు పన్నెండు కిలోలు. ముగ్గురికి ఒక పప్పు, ఒక వేపుడు, ఒక సాంబారు పొట్లాలు పూటకు సరిపోతాయి. పెరుగు ఇంట్లోనే తోడు వేసుకోవచ్చు. పాడికి చిత్తూరు సీమ పేరున్నది, పాలు మంచివి దొరుకుతాయి, వాటిని వదిలేసి పెరుగు ప్యాకెట్లు కొనడం నాకు నచ్చదు. ఇది నా చాదస్తం అనుకున్నా సరే.

కూరగాయలు కొనేటట్టయితే రైతు బజారుకు పొద్దున్నే వెళ్లండి, ధరల పట్టీ బోర్డు మీద ఉంటుంది. టమాటా సంగతి ప్రత్యేకం. మదనపల్లె మార్కెట్టు మనకు దగ్గరే, అక్కడ ధర పడితే ఇక్కడ రోడ్డు పక్కన గంపలతో పోసి అమ్ముతారు. 2023 జూలైలో లాగా కిలో వంద దాటి ఎగబాకిన రోజుల్లో చింతపండు చారు పెట్టుకోవడమే. మామిడి కాలంలో సాయంత్రాలు బండ్ల దగ్గర బేరం బాగా కుదురుతుంది.

పొయ్యికి గ్యాసు కావాలంటే స్థానిక చిరునామా పత్రం లేకపోయినా గుర్తింపు కార్డుతో అయిదు కిలోల చిన్న సిలిండరు కొనుక్కోవచ్చు. వీధి కొట్లలో పెద్ద సిలిండరు నుంచి చిన్నదానికి నింపి ఇచ్చే గ్యాసు జోలికి పోవద్దు.

నెలాఖరులో చేయి పూర్తిగా ఖాళీ అయితే ప్రభుత్వం నడిపే అన్న క్యాంటీన్లున్నాయి, పూటకు అయిదు రూపాయలు. ఇక్కడ తినడానికి మొహమాటపడే పిల్లలను చూశాను. వరుసలో మీ ముందు లాబు టెక్నీషియన్, వెనక కొరియర్ కుర్రాడు ఉంటారు, ఎవరూ ఎవరినీ చూడరు. ఆదివారం కాళ్లలో సత్తువ ఉంటే అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కి, కొండ మీద తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద కేంద్రంలో కడుపునిండా తిని రావచ్చు. 1985లో మొదలైన ఉచిత భోజనం అది. అరిటాకులో అన్నం, సాంబారు, చట్నీ, చక్కెర పొంగలి. దేవుడి మీద భక్తి ఎంతున్నా, మేం చదువుకునే రోజుల్లో మమ్మల్ని కొండెక్కించింది మాత్రం ఆ పొంగలే.

7. తిరగడం

యూనివర్సిటీల వైపు నేల చదునుగా ఉంటుంది, పాత సైకిలు ఒకటి కొనుక్కుంటే రెండు నెలల్లో డబ్బు తిరిగి వస్తుంది. బండి కొనేవారు పెట్రోలు లీటరు వంద దాటి చాలా కాలమైందని గుర్తుంచుకోవాలి. ఆర్టీసీ విద్యార్థి పాసు కాలేజీ తెరిచిన మొదటి వారంలోనే తీసుకోండి, తర్వాత వరుసలు పెరుగుతాయి.

2025 ఆగస్టు 15 నుంచి అమలవుతున్న స్త్రీశక్తి పథకం కింద రాష్ట్రానికి చెందిన అమ్మాయిలు పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితంగా వెళ్లవచ్చు. గుర్తింపు కార్డు దగ్గరుండాలి. చిత్తూరులోనో పుత్తూరులోనో ఇల్లున్న అమ్మాయికి రోజూ వచ్చిపోవడమా, ఇక్కడ గదా అన్న లెక్క దీనితో పూర్తిగా మారిపోయింది. అయితే చిత్తూరు దాదాపు డెబ్బై కిలోమీటర్లు. రోజుకు మూడు నాలుగు గంటలు బస్సులో పోతాయి. డబ్బు మిగిలినా ఆ గంటలు చదువులోంచే పోతాయి. ప్రాక్టికల్సు ఉన్న కోర్సుకైతే గదే మేలంటాను.

షేరు ఆటోలో ఎక్కేటప్పుడు ధర అడగకండి. అడిగితే ‘స్వామీ’ అయిపోతారు. పక్కవారు ఎంత ఇచ్చారో చూసి అంతే ఇవ్వండి.

8. ఊరి క్యాలెండరు మీ క్యాలెండరు

కాలేజీ పంచాంగం పక్కనే కొండ పంచాంగం కూడా గోడకు తగిలించుకోవాలి. సెప్టెంబరు, అక్టోబరుల్లో తిరుమల బ్రహ్మోత్సవాలు, కార్తిక మాసంలో తిరుచానూరు అమ్మవారి ఉత్సవాలు, పంచమీ తీర్థం, ముక్కోటి ఏకాదశి నుంచి పది రోజుల వైకుంఠ ద్వార దర్శనాలు, కొత్త సంవత్సరం, వేసవి సెలవులు. ఆ రోజుల్లో ఇంటికి వెళ్లాలంటే రైలు టికెట్టు దొరకదు, ఆటోలు ఊరి మనిషిని కూడా ‘స్వామీ’ అంటాయి, దర్శనం టోకెన్లు ఇచ్చే కేంద్రాల చుట్టూ దారులు మళ్లిస్తారు. పరీక్ష ఉంటే అరగంట ముందు బయలుదేరండి. అమ్మానాన్నలు మిమ్మల్ని చూడటానికి, పనిలో పనిగా దర్శనానికి వస్తామంటే ఆ వారాలు మాత్రం వద్దని చెప్పండి, లాడ్జి అద్దె మీ నెల ఖర్చును మించిపోతుంది.

మే నెలలో వచ్చే గంగమ్మ జాతర వేరు. అది ఊరివాళ్ల పండగ, వేషాలు కట్టి వీధుల్లో తిరుగుతారు. మొదటి ఏడాదే చూడండి.

స్థానికులకు నెలలో మొదటి మంగళవారం ఇచ్చే దర్శన కోటా 2024 డిసెంబరులో మళ్లీ మొదలైంది. ఆధార్‌లో ఇక్కడి చిరునామా ఉండాలి కనుక బయటి ఊరి విద్యార్థికి వర్తించదు. అయిదేళ్లు ఇక్కడే ఉన్నానని వాదించి లాభం లేదు, నేను వాదించి చూశాను.

9. ఒంట్లో బాగాలేనప్పుడు

వైద్యం విషయంలో ఇంత అదృష్టమున్న చదువుల ఊళ్లు తక్కువ. రుయా ప్రభుత్వ ఆస్పత్రి, స్విమ్స్, ఎముకలకు బర్డ్ ఒకే దారిలో ఉన్నాయి. మామూలు జ్వరానికి స్విమ్స్ దాకా పోనక్కరలేదు, వరుసలో రోజు పోతుంది. వానలు తగ్గాక వచ్చే జ్వరాన్ని మాత్రం రెండో రోజు దాటనివ్వకుండా రక్త పరీక్ష చేయించండి, దోమల కాలం అది. గదిలో ప్రతి ఒక్కరి ఇంటి ఫోను నంబరూ మిగతావారి దగ్గర ఉండాలి.

10. ఒక నెల లెక్క

మా మేనల్లుడి రెండో నెల ఖర్చు వాడి పుస్తకంలోంచే ఇస్తున్నాను. అద్దె వాటా 3,000. కరెంటు 90 యూనిట్లు ఏడు రూపాయల చొప్పున 630, అందులో వాడి వాటా 210. మంచినీళ్లు 100. బియ్యం, పాలు, గుడ్లు 1,400. కూరలు 1,500. ఉదయం టిఫిను 1,200. ప్రయాణం 300, ఫోను 300. జెరాక్సులు, సబ్బులు, క్షవరం, మందులు 700. ఒకసారి ఇంటికి రానుపోను 600. మొత్తం 9,310.

మొదటి నెలలో ఇదే లెక్క పన్నెండు వేలకు దగ్గరైంది. తేడా ఎక్కడుందని అక్క కూర్చుని వెతికితే రాత్రి పదింటికి ఫోనులో తెప్పించుకున్న బిర్యానీలు, బస్టాండు దగ్గరి హోటల్లో స్నేహితుల పుట్టినరోజులు బయటపడ్డాయి. అక్క తిట్టలేదు. "రెండు రోజులు ఉండిపోయేవాళ్ల హోటల్లో నాలుగేళ్లు ఉండేవాడివి తింటే ఎట్లారా?" అంది. వాడు అప్పటి నుంచి పుస్తకం రాస్తున్నాడు.

11. డబ్బు పెద్దగా పెట్టనక్కరలేనివి

సాయంత్రం యూనివర్సిటీ ప్రాంగణంలో చెట్ల కింద నడక, వాన పడ్డ మర్నాడు కపిలతీర్థం జలపాతం, అలిపిరి దగ్గర సైన్సు కేంద్రం, జంతు ప్రదర్శనశాల. అన్నమాచార్య కళామందిరంలో, మహతి సభా భవనంలో కచేరీలు, ఉపన్యాసాలు జరుగుతూనే ఉంటాయి, చాలావాటికి టికెట్టు లేదు. సంగీతం అంటే గిట్టని నా గదిమిత్రుడు ఒకడు ఫ్యాను కింద కూర్చోవచ్చని వచ్చి, మూడో ఏడాదికి కీర్తన వినగానే రాగం చెప్పేవాడయ్యాడు. సెలవు రోజున చంద్రగిరి కోట, కాస్త దూరమైతే తలకోన. చెన్నై మూడున్నర గంటల రైలు ప్రయాణం, పుస్తకాలకో ఉద్యోగం ఇంటర్వ్యూకో పొద్దున వెళ్లి రాత్రికి రావచ్చు.

లోటు లేదని కాదు. రాత్రిళ్లు కూర్చుని చదువుకోవడానికి ప్రశాంతమైన చోటు బయట దొరకడం కష్టం. ఉక్కపోత ఏప్రిల్ నుంచి జూన్ దాకా మనిషిని పిండేస్తుంది. ఏ పెద్దమనిషి వచ్చినా రోడ్డు ఆపుతారు.

12. ఖాళీ చేసేటప్పుడు

నెల రోజుల ముందు వాట్సాప్‌లో రాసి చెప్పండి, నోటిమాటతో ఊరుకోవద్దు. చివరి నెల అద్దెను అడ్వాన్సులో పట్టుకొమ్మని ముందే అడగండి, అప్పుడు తిరిగి రావాల్సింది తక్కువే ఉంటుంది, ఇచ్చేవారికీ సులువు. సబ్ మీటరు చివరి అంకె ఫొటో తీసుకోండి. దిగిన రోజు తీసిన వీడియో దగ్గర పెట్టుకుని ఇంటివారితో కలిసి గది చూడండి. నా మొదటి గది ఖాళీ చేసినప్పుడు పెయింటింగు కింద మూడు వేలు, విరిగిన కుళాయి కింద అయిదు వందలు కోశారు. కుళాయి మేం దిగేనాటికే విరిగి ఉంది. అప్పట్లో ఫోనులో కెమెరా లేదు.